మాస్టారి నీళ్లతోట

లెక్కల మాస్టారు గాజుతొట్టిలో ఇసుక పరిచి, పరీక్ష పేపర్లు దిద్దేటంత గంభీరంగా, పట్టకారుతో ఒక్కొక్క మొక్కే నాటారు. ముందు తోట కుదురుకోవాలి, చేపలు ఆ తరవాతే. ఇదంతా భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కూతురి కోసం. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆ పిల్ల ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగానే ఉన్నా, "అమ్మా, ఆయన్ని భోజనానికి రమ్మను" అంటుంది.

వారం తిరక్కుండానే ఆకులన్నీ కుళ్లిపోయాయి.

"మీ హస్తవాసి అమోఘం! పీకి పారెయ్యండి, ఇల్లంతా కంపు," అంది భార్య.

మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్లలో చెయ్యి పెట్టి ఒక మొక్కను పట్టుకున్నారు.

"అయ్యో, పీకకండి!" అంది పిల్ల పరుగున వచ్చి, గాజుకు ముక్కు ఆనించి. "మొదలు దగ్గర చూడండి, కొత్త ఆకొస్తోంది!"

లేత ఆకుపచ్చ మొన ఆయన వేళ్ల పక్కనే స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎక్కడమ్మా?" అన్నారు మాస్టారు.