మూటలో ఇనప బూట్లు

మా ఆయన వెర్లిన్ హాగెన్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు కాగితం మిల్లులో పనిచేశాడు. మిల్లువాళ్ళు ఏటా ఒక జత బూట్లు ఇచ్చేవారు. కాగితం చుట్ట దొర్లి మీద పడినా వేళ్ళు నుజ్జవకుండా ముందు ఉక్కు రేకు ఉండే రకం. ఆయన ఆ జతని ఇంటికి తెచ్చి, పెట్టె మూత తీసి, తోలు వాసన చూసి, "బాగున్నాయి" అని మూత పెట్టి, మెట్ల కింద అరలో దాచేవాడు. మర్నాడు పాత జతే తొడుక్కుని పనికి వెళ్ళేవాడు. ఒకసారి తోలంతా అరిగి లోపలి రేకు బయటికి తళతళలాడుతుంటే మేస్త్రీ ఆయన్ని గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపించాడు. అరలో నాలుగు కొత్త జతలున్నాయి. ఇంటికొచ్చిన మనిషి ఏం చేశాడనుకున్నారు? రేకు మీద నల్ల రంగు వేశాడు.

ఆయన పోయాక, ఆయన గురించి చర్చిలో నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు "జాగ్రత్తపరుడు" అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాను. మిగతా మూడు మాటలూ ఇక్కడ రాస్తున్నాను.

మిల్లు కాకుండా ఆయనకి ఇంకో కొలువు ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక, మధ్యాహ్నం ముగ్గురు మా ఇంటి నేలమాళిగలోకి దిగి, అక్కడ బల్ల చుట్టూ కూర్చుని, ఇంకో నేలమాళిగలోకి దిగేవారు. అది కాగితాలూ పాచికలూ పెట్టుకుని ఆడే ఆట. ఆట నడిపేది రాలీ సోబ్‌చాక్, స్కూలు బస్సు నడిపి రిటైరయినవాడు. ఆటలోని గుహలో ఏ మలుపులో ఏ భూతం ఉందో ఆయనకే తెలుసు. దంతవైద్యుడి దగ్గర ఫోన్లు ఎత్తే వాండా కుబియాక్ ఆటలో దొంగ. మా ఆయన మరుగుజ్జు వీరుడు, పేరు డ్రుంబర్. ఇరవై రెండేళ్ళు ఇదే వరస. నేను పైన వంటింట్లో బంగాళాదుంపల హాట్‌డిష్ ఓవెన్లో పెట్టుకుంటూ, గోడలోని వేడిగాలి గొట్టంలోంచి వచ్చే మాటలన్నీ వినేదాన్ని. టీవీ అక్కర్లేకపోయేది.

ఆట మొదలైన పదకొండో ఏట డ్రుంబర్ ఇనప బూట్లు కొన్నాడు. మామూలు బూట్లు కావు. మోకాలి కింది దాకా రేకు, మూడు కట్లు, మూడు దెబ్బలు కాచే బలం. అంత మంచి బూట్లకి చేతిలో ఉన్నది చాలక శిరస్త్రాణం అమ్మేశాడు. సరే, తల పోతే పోయింది, కాళ్ళయినా మిగులుతాయి అనుకుంటాం కదా. ఆయన వాటిని మూటలో పెట్టుకున్నాడు.

"తొడుక్కోవా?" అని వాండా అడగడం గొట్టంలోంచి వినిపించింది.

"ఇప్పుడెందుకు? ఇక్కడ ఎలకలే కదా."

ఎలకలే. ఆ ఎలకల్లో ఒకటే డ్రుంబర్ ఎడమకాలి రెండు వేళ్ళు కొరుక్కుపోయింది.

"వెర్లిన్, ఇప్పటికైనా తొడుగు, నీకు దణ్ణం పెడతాను," అంది వాండా.

"ఎలక్కి ఇనప బూట్లేంటి వాండా, నవ్విపోతారు. ఇంకా పెద్దది రానీ."

పెద్దది వచ్చింది. నిప్పులు కక్కే పాము. మంట తగిలితే రేకు నల్లబడుతుందన్నాడు. తర్వాత బురద గుంట వచ్చింది, తుప్పు పడతాయన్నాడు. పోనీ రాజుగారి విందుకి తొడుక్కున్నాడా అంటే, అక్కడ నేల మీద గీతలు పడతాయట. ఆ బూట్లేమో బండరాళ్ళ బరువు. వాటిని మోస్తున్నందుకు డ్రుంబర్ అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు, ఆయన కోసం మిగతావాళ్ళూ నెమ్మదిగా నడిచేవారు. పదకొండేళ్ళపాటు ఒక దళం దళమంతా ఎవరూ తొడుక్కోని బూట్ల వెనకాల ఈడ్చుకుంటూ నడిచింది.

ఆ బల్ల దగ్గర రాలీ పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి ఆటగాడి కాగితం మీద గళ్ళుంటాయి. తలకి, ఒంటికి, చేతులకి, కాళ్ళకి. కింద 'మూటలో' అని ఇంకో పెద్ద గడి. ఏ గడిలో రాసి ఉంటే వస్తువు అక్కడున్నట్టే. "మూటలో ఉన్నది కాపాడదు," అని రాలీ పాస్టరుగారి గొంతు పెట్టి అనేవాడు. అలా అనే రాలీ బూట్లకి చుట్టూ వెండి రంగు టేపు చుట్టి ఉండేది. నియమాలు ఎప్పుడూ కాగితం మీది వాళ్ళకే.

ఫిబ్రవరిలో మంచు తోసే బండి వచ్చి, రోడ్డు మీది మంచంతా ఎప్పట్లాగే మా వాకిలికి అడ్డంగా కుప్ప పోసి పోయింది. మా ఆయన పార పట్టుకుని వెళ్ళాడు. నేను కిటికీలోంచి ఒకసారి చూశాను, నిలబడి ఉన్నాడు. రెండోసారి చూసేటప్పటికి లేడు. గుండె అన్నారు. ఆ రోజు కూడా నల్ల రంగు వేసిన జతే తొడుక్కున్నాడు. బూట్లకీ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు, నేను రెండుసార్లు అడిగాను కాబట్టి. మూడోసారి అడిగితే మనసుకి మంచి డాక్టరుంది, మాట్లాడి చూడమని ఇంకొకావిడ పేరు రాసిచ్చాడు.

మా వైపు ఎవరైనా పోతే ఇరుగుపొరుగువాళ్ళు వండి తెచ్చిన ఓవెన్ పళ్ళేలు వస్తాయి. ఎవరి పళ్ళెం అడుగున వాళ్ళ పేరు టేపు మీద రాసి అంటించి ఉంటుంది, మనం ఏడుస్తూ పళ్ళేలు తారుమారు చెయ్యకుండా. ఏప్రిల్‌లో నేను వాటిని కడిగి వరసగా పేర్చుకుంటుంటే రాలీ, వాండా వచ్చారు. వాండా చేతిలో ఇంకో పళ్ళెం.

"ఇది తిరిగివ్వక్కర్లేదు ఆర్లిస్. వచ్చే నెల నేను అరిజోనా వెళ్ళిపోతున్నా, అమ్మాయి దగ్గరికి," అంది.

రాలీ గుమ్మంలోనే నిలబడ్డాడు. టోపీ చేతిలో నలిగిపోతోంది. "ఆర్లిస్, ఒక మాట. కోప్పడకూడదు."

"చెప్పకముందే కోప్పడొద్దంటున్నావంటే కోప్పడాల్సిన మాటే అన్నమాట. చెప్పు."

"డ్రుంబర్ ఇంకా అక్కడే ఉన్నాడు."

"ఎక్కడ?"

"ఏడో అంతస్తులో. ముళ్ళ గది గుమ్మంలో. ఫిబ్రవరిలో ఆట అక్కడ ఆగిపోయింది. వెనకనుంచి కుక్కలొస్తున్నాయి."

వాండా అందుకుంది. "కుర్చీ ఖాళీగా ఉంటే ఆ మనిషి వెనకబడిపోయినట్టే, నియమం. కుక్కలు ఊరుకోవు కదా. అందుకే ఇన్నాళ్ళూ అసలు ఆడలేదు. కానీ నేను వెళ్ళిపోతే ఆటే ఉండదు. గుమ్మంలో ఆయన్నలా నిలబెట్టేసి పోలేను ఆర్లిస్. అటో ఇటో తేలాలి."

"ఆ నియమం రాసింది నువ్వే కదా రాలీ. కొట్టెయ్యి."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ కొట్టెయ్యలేదు," అన్నాడు రాలీ నేల చూస్తూ. "వెర్లిన్ ఒప్పుకునేవాడు కాదు."

"అంటే డ్రుంబర్‌ని చంపడానికి నా అనుమతి అడగడానికొచ్చావు."

"కాదు, కాదు. ఇంటివాళ్ళెవరైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు. అదీ నియమమే."

"ఈ ఇంట్లో ఇంటివాళ్ళంటే నేనూ, పిల్లీ."

"పిల్లికి పాచికలు వెయ్యడం రాదు," అంది వాండా.

ఒక్క చలికాలంలో రెండుసార్లు నల్ల గౌను ఇస్త్రీ చెయ్యడం నా వల్ల కాదు. ఆదివారం రమ్మన్నాను.

వచ్చారు. ఫిబ్రవరి తర్వాత నేను నేలమాళిగలోకి దిగడం అదే మొదలు. బల్ల మీద ఆయన కాగితం బోర్లించి ఉంది. తిప్పాను. అన్నీ పెన్సిలు రాతలు. తలకి: ఏమీ లేదు. ఒంటికి: గొలుసుల చొక్కా. చేతులకి: గొడ్డలి. కాళ్ళకి అన్న గడి ఖాళీ. ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. అక్కడ రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి, కాగితం ఉల్లిపొరలా అయిపోయింది. వెలుగుకి పెడితే అవతల నా వేలు కనిపించింది. మూటలో అన్న గడిలో మాత్రం, ముదురుగా, నీటుగా: ఇనప బూట్లు.

"ఎన్నిసార్లు తొడుక్కోబోయాడు?" అని అడిగాను.

"ప్రతి ఆదివారం," అన్నాడు రాలీ. "మేం గుహ మెట్లు దిగకముందే చెరిపేసేవాడు."

ముళ్ళ గది అంటే ఏడు గళ్ళ నేల, నిండా ఇనప ముళ్ళు. అవతల గోడకి ఒక మీట. అది లాగితే తలుపు తెరుచుకుని అందరూ బయటపడతారు. ఒక్కో గడి దాటడానికి ఇరవై ముఖాల పాచిక ఒకసారి వెయ్యాలి. పది కంటే తక్కువ పడితే ముల్లు దిగుతుంది. వట్టి కాలైతే అక్కడే సరి. బూట్లుంటే ఒక్కో ముల్లుకీ వాటి బలం ఒకటి చొప్పున పోతుంది. మూడూ పోతే బూట్లు ముక్కలు.

"బూట్లు నాకిచ్చెయ్. నా దొంగ చురుకైంది, నేను పరిగెడతా," అంది వాండా.

"మరుగుజ్జు పాదం పొట్టి, వెడల్పు. నీకు పట్టవు," అన్నాడు రాలీ.

"పోనీ ఇంకో దారి వెతుకుదాం. అంత మంచి బూట్లు ముళ్ళ మీద పాడుచేసుకోవడం..." అని వాండా నోటినుంచి వచ్చేసింది. వెంటనే నోరు మూసుకుంది. ఇరవై రెండేళ్ళు ఒక మనిషి పక్కన కూర్చుంటే ఆయన జబ్బు మనకీ అంటుతుంది.

నేను పెన్సిలు తీసుకుని మూటలో గడిలోది చెరిపాను. ఆ పల్చటి గడిలో మెల్లగా, కాగితం చిరగకుండా, ఇనప బూట్లు అని రాశాను. నా రాత అంత బాగుండదు. గడి దాటి పోయింది.

"మూడు కట్లు బిగించాలి," అన్నాడు రాలీ. "పాచిక వేసే ఒక వంతు పోతుంది. కుక్కలు వచ్చేస్తాయి."

"రానీ. నేను చూసుకుంటా," అంది వాండా. ఆమె దొంగ గుమ్మంలో నిలబడి రెండు కుక్కల్ని కొట్టి, భుజం మీద ఒక కాటు తింది. ఈలోగా డ్రుంబర్ కట్లు బిగించుకున్నాడు.

మొదటి గడి, పద్నాలుగు. రెండో గడి, ఆరు. "బలం రెండు," అని రాలీ రాసుకున్నాడు. పదకొండు. పదిహేడు. ఐదో గడిలో మూడు పడింది. "బలం ఒకటి." ఆరో గడికి పన్నెండు.

"ఒక్కటే మిగిలింది," అన్నాడు రాలీ. ఆయన గొంతులో పాస్టరుగారు లేరు. "ఆర్లిస్, కావాలంటే ఇవాల్టికి ఇక్కడ ఆపుదాం."

"మళ్ళీ గుమ్మంలో నిలబెట్టినట్టు ఇప్పుడు ముళ్ళ మధ్యలో నిలబెడతావా?"

వేశాను. పాచిక బల్ల అంచుదాకా దొర్లి, హాట్‌డిష్ పళ్ళేనికి తగిలి ఆగింది. ఎనిమిది.

రాలీ తన కాగితం మీద చూపుడు వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"ముల్లు బూటు అడుగుని చీల్చింది," అన్నాడు. "రేకు విడిపోయింది. కట్లు ఊడిపోయాయి. బలం సున్నా." మళ్ళీ కాగితం కేసి చూశాడు. "కాలికి తగల్లేదు. డ్రుంబర్ అవతల రాయి మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు."

"ఎనిమిది వేళ్ళతో," అంది వాండా, ముక్కు చీదుతూ.

"మీట లాగుతున్నాడు," అన్నాను.

తలుపు తెరుచుకుంది. దొంగ వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతుందట. డ్రుంబర్ ఊరికి చేరి, సారాయి దుకాణం పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ తన బూట్ల గొప్ప చెప్పుకుంటాడని రాలీ తీర్మానించాడు. మా ఆయనకి ఇంతకంటే సరైన స్వర్గం పాస్టరుగారు కూడా చూపించలేదు. నేను రబ్బరు తీసుకుని బూట్ల పేరు చెరిపాను. ఈసారి కాగితానికి చిల్లు పడింది. పడనీ అనుకున్నాను.

తిన్నాక ఇద్దరూ లేచారు. పైకెళ్ళే మెట్ల దగ్గర రాలీ వంగి, తన బూటుకి ఊడుతున్న వెండి టేపుని బొటనవేలితో అద్దుకుంటున్నాడు. నేను మెట్ల కింద అర తెరిచి, పైనున్న పెట్టె లాగాను. దుమ్ము లేచింది. మూత తీస్తే తోలు వాసన ఇంకా అలాగే ఉంది.

"నీది పది నంబరే కదా."

"ఆర్లిస్, వద్దు. ఇవి కొత్తవి."

"కొత్తవని నాకూ తెలుసు. మా ఆయన వాసన తప్ప ఇంకేమీ చూడలేదు."

రాలీ పెట్టె అందుకున్నాడు. ఒకటి బయటికి తీసి, ముందున్న ఉక్కు మీద వేలితో కొట్టి చూశాడు. మళ్ళీ పెట్టెలో పెట్టి, మూత వేసి, చంకలో పెట్టుకున్నాడు. "ఎంత మంచివో. చలికాలానికి దాచుకుంటా."

"రాలీ."

"ఏంటి?"

"ఆ పెట్టె ఏ గడిలో ఉన్నట్టు?"

రాలీ చంకలోని పెట్టె వైపు చూశాడు. వాండా వైపు చూశాడు. ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటూ పైకప్పు చూస్తోంది.

"ఇక్కడే కూర్చో," అన్నాను. "నా ఎదురుగా."

మెట్టు మీద కూర్చున్నాడు. టేపు చుట్టిన జత విప్పి పక్కన పెట్టాడు, మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. కొత్త తోలు గట్టిగా ఉంది, తాళ్ళు ఒక్కో కంతలోంచీ లాక్కోవాల్సి వచ్చింది. ఆయనకేమో పొట్ట అడ్డం. మేమిద్దరం నిలబడి చూస్తున్నాం.

"కానీవయ్యా," అంది వాండా. "ఒక వంతు అయిపోయింది. కుక్కలొస్తున్నాయి."