మామ్మ గుమ్మడి వైద్యం, చిన్నత్త సైకిలు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే రకం. మా ఇంట్లోవాళ్ళు నా మాటల్లో పదోవంతు ఉంచుకుని మిగతాది పారేస్తారు; మీరూ అలాగే చదువుకోండి. అయితే కిందనున్న వాటిలో ఒకటి పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న ఆదివారం మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, శ్రీకాకుళంలో ఫార్మసీ చదువుతున్న మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల భోజనాల దగ్గర ఒక సంగతి చెప్పింది. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన కొన్ని పదార్థాలు మెదడులోని కణాలు ఒకదానిమీద ఒకటి కేకలేసుకోకుండా సర్దిచెప్పి, మూర్ఛ రాకుండానే అడ్డుకోగలవేమోనని ఎలుకల మీద పరీక్షిస్తున్నారట, మనుషుల సంగతి మాత్రం ఇంకా తేలలేదట. నేనూ చిన్నత్తా ఒకరి మొహం ఒకరం చూసుకుని, పొలమారేదాకా నవ్వాం. ఎందుకంటే ఆ ఎలుకల కంటే యాభై ఏళ్ళ ముందే ఆ పరీక్ష మా ఇంటిల్లిపాది మీదా జరిగిపోయింది.

మాది ఆమదాలవలస పక్క పల్లె. చిన్నత్తకి అప్పట్లో ఫిట్స్ వచ్చేవి. వచ్చినప్పుడల్లా మా మామ్మ మొలలోని తాళాల గుత్తి తీసి కూతురి గుప్పిట్లో పెట్టేది. ఆ గుత్తి బరువు, నా లెక్కలో, రైలింజనుకి ఒక పిసరు తక్కువ. ఆమదాలవలసలో మా చర్చివారి బడిలో టీచరు ఉద్యోగం చిన్నత్త కోసం ఆపి ఉంచారు, అయితే అక్కడికి సైకిలు మీద వెళ్ళాలి. శ్రీకాకుళం డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, ఒక్కపూటైనా మానకూడదనీ, ఏడాదిపాటు ఫిట్స్ రాకపోతేనే సైకిలు మాట ఎత్తమనీ, చేతిలో ఇనుము పెట్టడం మాని పక్కకు తిప్పి పడుకోబెట్టమనీ చెప్పారు. మామ్మ అన్నిటికీ తలూపి, గుత్తిని మాత్రం మొలలోనే ఉంచుకుంది.

అదే వారం, రేచీకటి రాకుండా పిల్లలకు చెంచాతో విటమిన్ ఎ మందు పోసే నర్సమ్మ మా వీధికి వచ్చింది. చిన్నత్తకీ నాలుగు చెంచాలు పొయ్యమని మామ్మ పట్టుబట్టింది. అది పెద్దవాళ్ళకి కాదు, ఎక్కువైతే విషమంటూ ఆవిడ సీసా సంచిలో దాచేసింది.

“కళ్ళకి మంచిదని నువ్వే సెప్పినావు. మరి ఫిట్టొస్తే మా గుంటకి ముందల తేలిపోయేవి కళ్ళే కదేటి?” అని నిలదీసింది మామ్మ.

నర్సమ్మ, సీసాలోది వద్దుగానీ గుమ్మడి, బొబ్బాసిపండు, మునగాకు తినిపించుకోమని చెప్పి తప్పించుకుంది. ఆ సాయంత్రమే మా ఇంట్లో గుమ్మడి యుగం మొదలైంది. పొద్దున గుమ్మడి దప్పళం, మధ్యాహ్నం మునగాకు పప్పు, రాత్రి బొబ్బాసి, నిద్రలో వీటన్నిటి త్రేన్పులు. ఆరు నెలలయ్యేసరికి మా అరచేతులు పసుపు తిరిగాయి. చర్చిలో కరెంటు పోతే పాస్టరుగారు మమ్మల్ని లేచి నిలబడమని, ఆ వెలుగులో వాక్యం చదివేవారు.

“అమ్మా, నాను మనిషిని, గుమ్మడిపాదుని కాదు,” అనేది చిన్నత్త.

“తింటే తిను, మానితే మాను,” అనేవాడు తాత, “మాత్ర మింగనేదో, సైకిల్ నూతిలో పారేస్తాను.” ఇంటికి రాకముందే ఆ సైకిలు అలా రోజూ నూతిలో పడుతుండేది.

చిన్నత్త రెండూ మింగింది. మళ్ళీ ఫిట్టు వస్తే ఏడాది లెక్క మొదటికొస్తుంది, బడివారు ఇంకో ఏడాది ఆగరు. వర్షాలు పోయాయి, కోతలు అయ్యాయి, మామిళ్ళు కాశాయి. ఆమె కంట్లో నలక పడినా ఇల్లంతా ఊపిరి బిగపట్టేది. ఏడాది నిండింది, ఫిట్టు రాలేదు. తాత సైకిలు తెచ్చాడు. చిన్నత్త దానిమీదెక్కి బాణంలా దూసుకుపోయి, రైల్వే గేటు దగ్గర గూడ్సుబండిని దాటేసి, మొదటి గంటకి ముందే బడి చేరింది.

మేలు చేసింది డాక్టరుగారి మాత్రలని ఇంట్లో అందరికీ తెలుసు, మామ్మకి తప్ప. ఆవిడ పోయేదాకా గుమ్మడికాయకి కృతజ్ఞతా ప్రార్థన చేసింది. ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు స్కూటీల మీద పోతుంటే తలెత్తి చూసేవాళ్ళు లేరు; అది మంచిదే. కాని ఒక మనిషి కోసం ఇంటిల్లిపాదీ పసుపుపచ్చగా మారిపోయే పిచ్చి ప్రేమ ఏ అంగడిలో దొరుకుతుందో నాకు తెలీదు.

ఇక ఒప్పుకోలు. గూడ్సుబండి అబద్ధం. చిన్నత్త నలభై గజాలు కూడా పోలేదు, మలుపులో పేడకుప్పలో పడింది. తాత నీళ్ళతో, నాన్న ఉల్లిపాయతో, మామ్మ తాళాల గుత్తితో పరుగెత్తారు. చిన్నత్త పేడ తుడుచుకుంటూ లేచి నిలబడింది.

“తాళాలు మొలలో దోపుకో అమ్మా. ఇది ఫిట్టు కాదు. బ్రేకెక్కడున్నాదో నాకు తెలీదు, అంతే.”

అందరిలాగే పడినందుకు ఆమె ఎంత నవ్విందో, అది మాత్రం నేను పెంచి చెప్పలేను.