ఎమ్మిగనూరులో ఎనిమిది మంది గుమాస్తాలు

ఎనభైల నడుమ, బెంగళూరులో పరిశోధన చేస్తున్న రోజుల్లో, తోటివాళ్ళెవరికీ చేతకాని బేరం ఒకటి చేశాను. మా ప్రయోగశాలకు ఎనిమిది ప్రాసెసర్లున్న కంప్యూటరు వచ్చింది. పెద్ద లెక్కను ముక్కలు చేసి పంచితే ఎనిమిదీ ఒకేసారి పని చేస్తాయి. మిగతావాళ్ళు బెదురుతూ రెండు, నాలుగు అడిగారు. నేను ప్రొఫెసరు ముందు కూర్చుని, ఎనిమిదీ నాకే ఇవ్వండి, ఎనిమిది రోజుల పని ఒక్కరోజులో ముగిస్తానన్నాను. ఆదోని పత్తి యార్డులో దళారి కొడుకును. టోకున అడిగితే కలిసొస్తుందని నా నమ్మకం.

ఆయన నవ్వలేదు. "ఎలా పంచుతావో సోమవారానికి రాసుకొని రా. అడిగిన గడువులో ముగియకపోతే మళ్ళీ నీ వంతు వచ్చే ఏడే" అన్నాడు. వచ్చే ఏటికి నా ఫెలోషిప్పు అయిపోతుంది. దాంతోపాటే థీసిస్సూ.

ముందుగా పరీక్షించి చూసుకోవడానికి యంత్రం ముట్టనివ్వరు. అప్పుడు గుర్తుకొచ్చారు మా వైపు గుమాస్తాలు. నోటితో లెక్క కట్టడంలో వాళ్ళను మించిన యంత్రం నేను చూడలేదు. శుక్రవారం రాత్రి రైలెక్కాను. టికెట్టు ముప్పై అయిదు రూపాయలు.

తెల్లవారి అయిదున్నరకు ఆదోనిలో దిగాను. జిన్నింగు మిల్లుల దూది కరెంటు తీగల మీద, పందిళ్ళ మీద, నిద్రపోతున్న రిక్షావాళ్ళ తలల మీద వాలి ఉంది. స్టేషను బయట రెండు రూపాయలకు ఉగ్గాని తిని, అదనంగా ఒక మిరపకాయ బజ్జి రాబట్టాను. ఆ ఊళ్ళో పొద్దున్నే బేరమాడకపోతే ఒంట్లో బాగాలేదనుకుంటారు.

సంగతి విని నాన్న తల అడ్డంగా ఊపాడు. "సీజన్లో ఈడ ఒక్క గుమాస్తాను కదిలిస్తే నా పని నిలిచిపోతాది. ఎమ్మిగనూరు పో. మీ మామ అంగడికి ఈరోజు సెలవు."

ఎనిమిది గంటల బస్సు. మూడు రూపాయలు. పక్కన నూలు మూటతో ఒక నేతగాడు కూర్చున్నాడు. నా చంకలోని కాగితాల చుట్ట చూసి అడిగాడు.

"ఏం పనిమీద పోతాండావప్పా?"

"ఇనుప పలకను ఒక పక్క కాలిస్తే వేడి ఎట్లా పాకుతుందో లెక్క కట్టాలి."

"పలక యాడ?"

"పలక లేదన్నా. కాగితం మీదే."

"నిప్పు?"

"అదీ కాగితం మీదే."

నూలు మూటను ఒళ్ళోకి జరుపుకున్నాడు. "కూలి గూడా కాగితం మీదేనా?"

తొమ్మిదింబావుకు ఎమ్మిగనూరు. మామ తన బట్టల అంగడి పరుపులు నాకు వదిలేసి, చుట్టుపక్కల అంగళ్ళ నుంచి కూడా గుమాస్తాలను పిలిపించాడు. తలా పది రూపాయలన్నారు. ఏడు రూపాయలు, మామ ఇంటి భోజనం దగ్గర తెగింది.

పలకను తొంభై ఆరు గళ్ళుగా గీశాను. ప్రతి గడిలోని వేడి, చుట్టూ ఉన్న నాలుగు గళ్ళ సగటుగా మారాలి. అట్లా అన్ని గళ్ళూ మారితే ఒక చుట్టు. అంకెలు కదలడం మానేదాకా చుట్లు తిప్పాలి. మొదట పెద్ద గుమాస్తా హనుమంతప్ప ఒక్కడే ఒక చుట్టు వేశాడు. ఇరవై నిమిషాలు.

తరువాత ఎనిమిది మందిని వరసగా కూర్చోబెట్టి తలా పన్నెండు గళ్ళు పంచాను. ఎవరి పన్నెండు వాళ్ళకు తెలుసు. అంచు గళ్ళకు మాత్రం పక్కవాడి అంకెలు కావాలి. అవి అందరూ నాకు చెప్పాలి, నేను పెద్ద పుస్తకంలో రాసుకొని కావలసినవాళ్ళకు చదివి వినిపించాలి. అదీ నా ఏర్పాటు. లెక్క రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. ఆ పైన ఎనిమిది గొంతులు నా మీద పడ్డాయి. ఒకరి అంకె ఇంకొకరి గడిలో రాశాను, కొట్టేశాను, మళ్ళీ అడిగాను. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

"ఎనిమిది మందిమి కూచుంటే మిగిలింది రెండు నిమిషాలు" అన్నాడు హనుమంతప్ప. "నా అంకె కావాల్సింది పక్కోడికి. నడుమ నీకెందుకు సెప్పాలప్పా?"

"ఒకచోట రాసి ఉండాలి కదా?"

"వాడి కాగితంలో వాడు రాసుకోడా? ఇంతమందిలో అంకెలు అరిసేదేంది, సంతలో మాదిరి."

భుజం మీది తువ్వాలు తీసి పక్కవాడి చేతి మీద పరిచాడు. యార్డులో పదిమంది ముందు ధర తెగాలంటే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునే చెబుతారు. ముందు పదులు, తరువాత ఒకట్లు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, నాకు తట్టలేదు. కుడిపక్కవాడితో ఒకసారి, ఎడమపక్కవాడితో ఒకసారి. నాలుగు తువ్వాళ్ళ కింద నాలుగు జతలు ఒకే సమయంలో మాట్లాడుకున్నాయి.

"అయితే నేనేం చేయాలి?"

"టీ సెప్పు."

చెప్పి వచ్చేసరికి చుట్టు ముగిసింది. నాలుగు నిమిషాలు. వేళ్ళు పట్టుకోవడానికి కొంత పోయింది. ఈరన్న అనే గుమాస్తా అద్దాలు తుడుచుకుంటుంటే అందరూ ఆగడంలో కొంత పోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ కూర్చుని, నాలుగింటికల్లా అంకెలు కదలకుండా చేశారు. ఇప్పటికీ కంప్యూటరు ముందు కూర్చుంటే, ఒక్క గొంతూ లేవకుండా వేళ్ళు మాత్రమే కదిలిన ఆ మధ్యాహ్నపు నిశ్శబ్దం చెవిలో ఉంటుంది. ఆ తరువాత అంత మర్యాదగా పనిచేసిన యంత్రం నాకు దొరకలేదు.

సాయంత్రం ఆదోని స్టేషనుకు నాన్న వచ్చాడు. జరిగింది చెప్పాను.

"నడిమి మనిషిని తీసేస్తే పని బిరబిరా అయ్యిందా?"

"అవును నాన్నా."

"యార్డులో ఎవురికీ సెప్పొద్దు" అని, వేరుశనక్కాయల పొట్లం చేతిలో పెట్టాడు.

రైలు కదిలాక ప్రొఫెసరుకు ఇవ్వాల్సిన కాగితం తీశాను. ఒక్క రోజు అనే రాయబుద్ధయింది. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో నేర్పలేదు. కానీ ఇరవైని నాలుగుతో భాగిస్తే అయిదే వస్తోంది. ఎనిమిది రోజుల పని అయిదో వంతుకు దిగినా, ఒక్క రోజు చాలదు. 'రెండు రోజులు కావాలి' అని రాసి, కింద సంతకం పెట్టాను. సోమవారం ఆయన రెండు రోజులూ రాసిచ్చాడు. మూడోది అడగబోతే తలుపు చూపించాడు.

ఖర్చు: రైలుకు డెబ్బై, బస్సుకు ఆరు, గుమాస్తాలకు యాభై ఆరు, ఉగ్గానికి రెండు, టీలకు నాలుగు. నూట ముప్పై ఎనిమిది రూపాయలు. కూర్చున్నది ఎనిమిది మంది, జరిగింది అయిదుగురి పని. నడుమ నేను కూర్చున్నందువల్ల నష్టం, చుట్టుకు పద్నాలుగు నిమిషాలు.