మగ్గం దెబ్బకు రెండు మార్కులు

పోయినవి మొత్తం రెండు వందల పదకొండు క్యాసెట్లు. ఒక వానాకాలం హిందూపురంలో నా గది గోడకు చెమ్మ దిగింది. ట్రంకుపెట్టె ఆ గోడకే ఆనుకుని ఉండేది. తెరిచి చూసేసరికి టేపుల నిండా తెల్లటి బూజు. వాటిలో పదికి తొమ్మిది మార్కులు వచ్చినవి ఆరు. ఎనిమిది వచ్చినవి ముప్ఫై ఒకటి. ఏడు వచ్చినవి తొంభై నాలుగు. మిగిలిన ఎనభై అంతకు తక్కువవి. మార్కు వేయనిది ఒక్కటీ లేదు, ఎందుకంటే మార్కు లేని క్యాసెట్‌ను ఆ పెట్టెలో పెట్టేవాణ్ణి కాదు.

అవన్నీ రాక్ కచేరీల టేపులు. అంగట్లో దొరికేవి కావు. కచేరీకి పోయినవాళ్లు జనం మధ్య నిలబడి, చిన్న రికార్డరును చొక్కా కింద దాచుకుని పట్టుకొచ్చినవి. తొంభైల్లో మా వైపు ఆ పిచ్చి ఉన్నవాళ్లం, నాకు తెలిసి, ముగ్గురమే. నేను హిందూపురం చింతపండు మండీలో లెక్కలు చూసేవాణ్ణి. ఇంకొకాయన పెనుకొండలో టైలరు. మూడో అతను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు, మా ఇద్దరికంటే చిన్నవాడు. పెనుకొండ నడిమధ్యన ఉంటుంది గనుక ఆదివారాలు టైలరు మిద్దె మీద కలిసేవాళ్లం. మంచి టేప్ డెక్ ఉన్నది కూడా ఆయన దగ్గరే.

బెంగళూరులో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన మాకు టేపుకు టేపు మార్చి ఇచ్చేవాడు. నాసిరకం టేపులతో విసిగిపోయి, ఏడు మార్కులకు తక్కువైతే పంపొద్దని చెప్పేశాడు. మార్కులు వేసే పని నామీద పడింది. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. వినీ వినీ నేనే ఒక లెక్క కట్టుకున్నాను. గొంతు తేటగా ఉంటే మూడు, వాయిద్యాలు దేనికది విడిగా వినిపిస్తే మూడు, వేగం నిలకడగా ఉంటే రెండు, పక్క శబ్దాలు లేకపోతే రెండు. పాట బాగుందా లేదా అన్నదానికి మార్కు లేదు. రికార్డరును చొక్కాలో మరీ లోపలికి దాస్తే గోనెసంచి కప్పినట్టు వినిపిస్తుంది. పక్కవాడు చప్పట్లు కొడితే తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. చేతి గడియారం ముందు పెట్టుకుని నిమిషానికి డ్రమ్ము దెబ్బలు ఎన్నో లెక్కపెట్టేవాణ్ణి. వేగం పెరిగిందీ తగ్గిందీ అందులో దొరికిపోయేది.

ధర్మవరం అతను మూడేళ్లు మా దగ్గర కాపీలు తీసుకున్నాడేగానీ, తనది అంటూ ఒక్క టేపూ ఇవ్వలేకపోయాడు. మేమేమీ అనకపోయినా అది అతన్ని లోపల తొలిచేది. ఒకసారి చీర పని వదిలేసి ఒక్కడే బెంగళూరు వెళ్లి, వానలో నిలబడి ఒక కచేరీ రికార్డు చేసుకొచ్చాడు. క్యాసెట్ నా చేతిలో పెట్టి, "ఎన్నాళ్లని మీయి తీసుకునేదన్నా. ఈ తూరి నాది బెంగళూరుకు పోవల్ల" అన్నాడు.

అది అసలు టేపు కాదు. అసలుది ఆ వారమే అతని మెషిన్‌లో చుట్టుకుని నలిగిపోయిందట. అంతకుముందు తీసిన కాపీ ఒక్కటే మిగిలింది. రెంటినీ కలిపే వైరు అతని దగ్గర లేకపోవడంతో రెండు టేప్ రికార్డర్లను ఎదురెదురుగా పెట్టి, ఒకటి పాడుతుంటే రెండోదానితో పట్టాడు.

టైలరు మిద్దె మీదే పెట్టి విన్నాను. మొదటి పాటలో డ్రమ్ము దెబ్బలు లెక్కకు రాలేదు. వాటి కింద ఇంకో దెబ్బ, వేరే నడకలో, పొడిగా వినిపిస్తోంది. పాత రికార్డింగు పూర్తిగా చెరగని క్యాసెట్ వాడితే అలాగే ఉంటుంది. ఏ భజన క్యాసెట్ మీదో పట్టి ఉంటాడని అనుకుని ఆ మాటే అన్నాను. టైలరు కత్తెర పక్కన పెట్టి, "ఏమబ్బా, దేవుని పాటల మీదనే తొక్కినావా?" అని ఎగతాళి చేశాడు.

ధర్మవరం అతను నవ్వలేదు. "అది భజన గాదన్నా. మా నాయన మగ్గం. చీర ఇయ్యాల్సిన గడువు ఉండె. నిలపమంటే నిలపల్యా."

అంటే కాపీ తీసిన గదిలోనే వాళ్ల నాయన నేస్తూ ఉన్నాడు. పక్క శబ్దానికి రెండు మార్కులూ కోసేయడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. అయినా లెక్క సరిచూద్దామని మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి డ్రమ్ము వదిలేసి మగ్గం దెబ్బలే లెక్కపెట్టాను. మొదటి పాటలో దేని దారి దానిది. రెండో పాటలో మగ్గం కొంచెం నిదానించింది. మూడోది చాలా పొడుగు పాట. అది సగానికి వచ్చేసరికి రెండు లెక్కలూ ఒకటయ్యాయి. గడియారం చూడటం మానేశాను. గిటారు నెమ్మదించిన చోట మగ్గమూ నెమ్మదించింది. ఒకచోట మగ్గం ఆగింది, పాట సాగుతూనే ఉంది. మళ్లీ మగ్గం మొదలైనప్పుడు మొదటి దెబ్బే డ్రమ్ముతో కలిసి పడింది. పాట అయిపోయాక వేలమంది చప్పట్లు. ఆ చప్పట్ల నడుమ, చాలా దగ్గరగా, ఒక పెద్దాయన దగ్గు.

ఆ క్యాసెట్ అప్పటికి మూడేళ్లుగా నేను విన్నవాటిలో దేనిలాగానూ లేదు.

మరుసటి ఆదివారం పెనుకొండలో దిగకుండా నేరుగా ధర్మవరం వెళ్లాను. వాళ్ల నాయన గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. కొడుకు టేపు పెట్టాడు. ఆయన చేయి ఆపి తల పక్కకు వంచి విన్నాడు.

"ఇది మన మగ్గమే గదరా" అన్నాడు. మగ్గం ఆగిన చోటు రాగానే, "ఈడ అంచులో పోగు తెగింది" అన్నాడు. పాట చివరిదాకా విని నావైపు తిరిగాడు. "ఆ డోలు కొట్టేవోడు ఎవురో గానీప్పా, మొదట్లో తడబడినాడు. తర్వాత నా యెంట బాగానే వచ్చినాడు."

"నాయనా, ఆయప్ప బెంగళూరులో వారం ముందే కొట్టేసినాడు" అన్నాడు కొడుకు.

"అయితేనేమి. వచ్చినాడా లేదా?"

ఆయన అప్పటికే పోగును అటూ ఇటూ నడిపే నాడె అందుకుని మళ్లీ పనిలో పడ్డాడు. కాసేపు ఆయన కాళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఆ పాటలోని ఒక్క మాటా తెలియని మనిషి, దాన్ని వింటున్నానని కూడా తెలియకుండా దాని వెంట నడిచాడు.

బయటికి వచ్చాక లెక్క చెప్పాను. గొంతుకు రెండు, వాయిద్యాలకు ఒకటి, వేగానికి రెండు, మొత్తం ఐదు. పక్క శబ్దానివి రెండూ కోసేస్తే ఐదుతో ఆగిపోతుంది, టేపు బెంగళూరు పోదు. రెండూ ఇస్తే ఏడు, పోతుంది. అయితే అక్కడి ఆయన టేపు పెట్టగానే మగ్గం వింటాడు, ఇక నా మార్కును నమ్మడు. కచేరీలో లేని శబ్దానికి మార్కు కోయాలన్నది నేను పెట్టిన లెక్కే. అయితే ఆ మూడో పాటలో మగ్గం కచేరీలో లేదని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇవన్నీ అతనికి చెప్పాను. ఒక్కొక్కటీ ఒప్పుకున్నాడు. చివరికి, "ఏడు ఎయ్యమని నేను అడగనన్నా. ఐదైతే ఐదే ఎయ్యి, ఈడనే పెట్టుకుంటా. మా నాయనకు కోసినావో ఇచ్చినావో, అది మాత్రం నీ నోటితో చెప్పల్ల" అన్నాడు.

వచ్చే వారం చెబుతానన్నాను. ఆ వారం చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. మార్కు లేని టేపును పంపడానికి అతనూ ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు సీడీలు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్లు. బెంగళూరు ఆయన అంగడి మూసేశాడు. టైలరు డెక్ అమ్మేశాడు. నా పెట్టెకు బూజు పట్టింది. ధర్మవరం అతని క్యాసెట్ మాత్రం పట్టుచీరల బీరువాలో, చెమ్మ తగలని చోట, నిక్షేపంగా ఉంది. మార్కు పడలేదు గనుక అది నా పెట్టెలోకి రాలేదు, అందుకే మిగిలింది.

ఇప్పటికీ అతను ఎక్కడైనా ఎదురుపడితే టీ తాగిస్తాడు, మండీ ధరలు అడుగుతాడు. లేచేటప్పుడు నవ్వుతూ రెండు వేళ్లు చూపిస్తాడు. ఐదు వరకు లెక్క తేలింది. ఆపైన ఆ రెండు మార్కులు ఇచ్చానో కోశానో నేటికీ చెప్పలేదు. రెండూ నా దగ్గరే బాకీ ఉన్నాయి.