ఎలా ఉంది కాలు?

మా మేనమామ ఖరగ్‌పూర్‌లో ఫిట్టరు. ఒక కారు గుద్దేసి ఆయన కుడికాలు విరిగింది. వంకరగా అతికింది. ఇంట్లో తొడను రెండు చేతులతో ఎత్తి గడప దాటించుకునేవాడు. పనిలో మాత్రం, చేతకానివాడని ఇంటికి పంపేస్తారన్న భయంతో, ఫోర్‌మన్ కనబడితే చాలు, నిటారుగా నిలబడి "ఠీక్ హై, సాబ్" అనేవాడు.

నష్టపరిహారం కేసు మిద్నాపూర్ కోర్టులో విచారణకొచ్చింది. తోడు వెళ్లిన నేను రైల్లో దారిపొడుగునా నూరిపోశాను.

"నొప్పని సెప్పు మామా. కుంటుకుంటా నడు."

"అలాగే సెప్తాన్రా."

జడ్జి తలెత్తి, కాలు ఇప్పుడెలా ఉందని హిందీలో అడిగాడు. మామ చేతికర్ర నాకిచ్చేసి నిటారుగా నిలబడ్డాడు.

"ఠీక్ హై, సాబ్."

కారు యజమాని వకీలు నవ్వు దాచుకోలేదు. ఆ మాట పట్టుకునే కేసు కొట్టేశారు.

"ఏటి మామా, అలగన్నావు?" బయటికి రాగానే అరిచాను.

"సాబ్ అడిగినాడు గదరా. మరేటనాల?"

ఒళ్లు మండి, చెయ్యి అందించకుండా ముందు నడిచాను. స్టేషను వంతెన ఎక్కి వెనక్కి తిరిగి గద్దించాను. "రాగల్వా, నేదా?"

కింద మొదటి మెట్టు దగ్గర తొడ పట్టుకుని వంగిన మనిషి, చేతులు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"ఠీక్ హై, సాబ్" అన్నాడు నాతో.