అచ్చులోనే ఉండిపోయిన నాటకం

మా చిన్నప్పుడు... తిరువొత్తియూరులో పోస్ట్‌మ్యాన్ మా వాకిట్లో నిలబడి "నాటక సమాజం కార్యదర్శి" అని పిలిస్తే, నిక్కరు పైకి లాక్కుంటూ పరిగెత్తుకొచ్చేవాణ్ణి నేనే.

సమాజమూ లేదు, సభ్యులూ లేరు. మైలాపూరులో నాటకాలు తప్ప ఇంకేమీ అచ్చువేయని ఒక చిన్న ప్రచురణకర్త ఉండేవాడు. సమాజం పేరుతో కార్డు రాస్తే పుస్తకాల జాబితా ఉచితంగా పంపేవాడు. మాది పుస్తకాలు కొనే ఇల్లు కాదు. అందుకని సమాజాన్నే పుట్టించాను...

ఆయన జాబితాతో ఆగలేదు. పసుపురంగు కరపత్రాలు, పుస్తకంలో గుర్తుకు పెట్టుకునే అట్టలు, సంభాషణలు అచ్చేసిన సిరా అద్దుడు కాగితాలు... అన్నీ వచ్చేవి. బిస్కెట్ల డబ్బాలో దాచి, గూట్లో పెట్టుకునేవాణ్ణి.

జాబితాలో ప్రతి నాటకానికీ నాలుగు వాక్యాల కథ, ముగింపు చెప్పకుండా. దాని కింద "పురుషులు అయిదుగురు, స్త్రీలు ఇద్దరు. కావలసినవి: మంచం, లాంతరు."

నన్ను పట్టుకుని వదలనిది ఒక్కటే... 'ఉప్పు పడవ'. సముద్రంలో పోయాడనుకున్న మనిషి పన్నెండేళ్లకు వచ్చి తలుపు తడతాడు. లోపల్నుంచి భార్య ఒక ప్రశ్న అడుగుతుంది. అతను జవాబు చెబుతాడు. ఆమె తలుపు తీసిందా? పక్కన చిన్న అక్షరాల్లో, "అచ్చులో ఉన్నది."

ఏళ్లు మారినా అది అచ్చులోనే ఉంది, పుస్తకంగా రాలేదు.

మా నాన్న హార్బరు నుంచి ఓడ పనికి వెళ్లి, ఉత్తరాలు మానేసి అప్పటికి మూడేళ్లు. తలుపు చప్పుడైతే అమ్మ ముందు జుట్టు సవరించుకునేది. ఆ తరువాతే గడియ తీసేది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే ఆ నాటకం ముగింపు నాకు కావలసొచ్చింది... "మా సమాజం ఈ నాటకమే ఆడదలచింది, త్వరపడగలరు" అని కార్డు మీద కార్డు రాశాను.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. అమ్మ జుట్టు సవరించుకుంది. బయట గొడుగుతో ఒక ముసలాయన. జాబితాలు పంపేది తనేనని, కార్యదర్శిగారిని కలవాలని అన్నాడు.

"ఈడ అట్టాంటోళ్లు ఎవురూ లేరు సామీ. నేనూ నా కొడుకే ఉండేది," అంది అమ్మ.

డబ్బా పట్టుకుని ముందుకొచ్చాను. తన్నులు ఖాయమనుకున్నాను. ఆయన నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసి, "కార్యదర్శిగారూ, మీ సమాజంలో స్త్రీ పాత్రలు ఎవరు వేస్తారండీ?" అని గంభీరంగా అడిగాడు.

అమ్మ నవ్వింది. నాన్న ఉత్తరాలు ఆగాక ఆమె నవ్వగా నేను చూడలేదు...

ఆయన నేలమీదే కూర్చుని ఒక్కో కాగితం తీసి చూశాడు. వాటిలో కొన్ని ఆయన దగ్గరే లేవట. జాబితాలోని ఆ నాలుగు వాక్యాల కథలన్నీ ఆయనే రాసేవాడట. లేవబోతుంటే అడిగాను, ఆమె తలుపు తీసిందా అని.

"ఆ నాలుగు వాక్యాలే ఉన్నాయి నాయనా. నాటకం రాయలేదు. ఆమె తీస్తుందో లేదో నాకే తెలియలేదు."

నేను కాగితాలన్నీ డబ్బాలో కుక్కుతున్నాను. అమ్మ గడప దగ్గర్నుంచి మెల్లగా అంది.

"తీస్తాది. నిలబెట్టి నాలుగు అడిగినాకే తీస్తాది."

ఆయన గొడుగు తీసుకుని, అమ్మకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

మరుసటి ఏడు జాబితాలోనూ 'ఉప్పు పడవ' అచ్చులోనే ఉంది. నాన్న రాలేదు. తరువాత ఆ ప్రచురణా మూతపడింది.

ఇప్పుడు పాత కాగితాలకు మంచి రోజులొచ్చాయి. వాటితో పొట్లాలు కట్టినవాళ్లే వాటి మీద ఉపన్యాసాలిస్తున్నారు. మొన్న మైలాపూరులో సభ. పరిశోధనకని నా డబ్బా ఆరు నెలలు ఇంట్లో పెట్టుకుని, తాను రాసిన పుస్తకంలో ఒక మూలన కూడా నా పేరు వేయని డాక్టరుగారే వక్త. 'ఉప్పు పడవ' ఆయన కుర్రతనంలోనే చదివాడట. ముగింపు బలహీనమట!

"అచ్చులో ఉన్నది" అన్న ఆఖరి జాబితా నా సంచీలోనే ఉంది. ఇలాంటి రోజు కోసమే ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. ఆయన పరువు తీద్దామనే లేచాను. తీరా నోటికొచ్చింది వేరు.

"ఆమె తలుపు తీసిందా సార్?"

"తీయదు," అన్నాడు, తడుముకోకుండా.

"తీస్తుందండీ. మా అమ్మ చెప్పింది," అని కూర్చున్నాను. జాబితా బయటికి తీయలేదు.

ఇప్పుడు ఏ కథకైనా ముగింపు ముందే తెలిసిపోతోంది... నాలుగు వాక్యాలు పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఎక్కడున్నారు? పుస్తకం రాకుండా ప్రకటన మాత్రమే మిగిలినది మీ డబ్బాలోనూ ఏదైనా ఉంటే నాకు రాయండి. సమాజం కార్యదర్శిని ఇంకా నేనే.