మూడోసారి అడిగాక

హాంబర్గ్‌లో ఒక పెద్దావిడ తన ముందు నుంచి ఎత్తుకెళ్ళిపోయిన చెర్రీ కేకును డినీ టూమీ ఈ జన్మకు మరిచిపోడు. ఐర్లండ్ నేవీలో వంటవాడిగా చేరిన కొత్తలో అతని ఓడ ఆ రేవుకు వెళ్ళింది. ఎలాగూ వచ్చాను కదా అని, పెళ్ళాం నోరీన్ వాళ్ళక్క జర్మన్ అత్తగారిని చూసిరావడానికి పోయాడు. ఆవిడ కేకు కోసి పళ్ళెంలో పెట్టి "తింటావా?" అంది. డినీ మర్యాదస్తుడు. "అబ్బే, వద్దండీ" అన్నాడు. ఆవిడ "సరే" అని పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకా పెద్ద ముక్క తేవడానికి వెళ్ళింది కాబోలనుకుని డినీ ఎదురు చూశాడు. లోపల బీరువా తలుపు మూసిన చప్పుడైంది. అంతే సంగతులు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ తలుపు చప్పుడు తలుచుకుంటే అతనికి కడుపు రగిలిపోతుంది.

తప్పు ఆవిడదీ కాదు లెండి. అతను పుట్టిన కోవ్ ఊళ్ళో మర్యాదలు వేరు. ఇంటికొచ్చినవాళ్ళను టీ తాగుతారా అంటే "అయ్యో వద్దు, ఇప్పుడే తాగి వచ్చాం" అనాలి. రెండోసారి అడిగితే "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, ఇంతగా అంటున్నారు గనక ఒక్క చుక్క" అని కూర్చుంటారు, కెటిల్ ఖాళీ అయ్యేదాకా లేవరు. మొదటిసారికే సరేనన్నవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. మూడోసారి అడగని ఇల్లాలి గురించి ఆదివారాలు చర్చి మెట్ల మీద చెప్పుకుంటారు, ఏడాదిపాటు. డినీ తల్లి హన్నా అయితే కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి కూడా మూడుసార్లు అడిగి కూర్చోబెట్టేది.

అలాంటి డినీ పనిచేసే ఓడ ఫిడెల్మాను ఆ వేసవిలో లిబియాకూ సిసిలీకీ నడుమ సముద్రంలోకి పంపారు. పాత పడవల్లో కిక్కిరిసి వచ్చి మునిగిపోతున్నవాళ్ళను పైకి లాగడం పని. చలిదేశపు ఓడ ఎండదేశపు నీళ్ళలోకి వచ్చింది. డినీ బట్టతల రెండోరోజుకే ఉడికిన పీతలా ఎర్రబడింది. దాని మీద తడిగుడ్డ వేసుకుని పెద్ద పెద్ద గంగాళాల్లో అన్నం, చిక్కుడు గింజల కూర వండేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. డినీ తాను వండింది తాను తినడు. రుచి కూడా చూడడు. బ్రెడ్డు ముక్కల మధ్య బంగాళాదుంప చిప్స్ పెట్టి, పైనుంచి నొక్కి కరకరమనిపించుకుని తింటాడు.

"విషం పెట్టేవాడు విషం తింటాడా?" అనేవాడు పాడీ హానన్. నోరెంత పెద్దదో మనిషీ అంతే, తలుపులో పట్టనంత నావికుడు.

"ఒరేయ్ పాడీ, నీ కడుపు చూసి మాట్లాడు. ఆ గర్భం ఎవరి పుణ్యం అనుకున్నావు?" అనేవాడు డినీ.

మొదటి పడవ కనబడకముందే లెఫ్టినెంట్ గ్రాన్యా షీహన్ అందరినీ డెక్కు మీద నిలబెట్టి చెప్పింది. వయసు చిన్నదే గానీ గట్టి మనిషి.

"భోజనం, నీళ్ళు ఒక్కసారే అడగండి. వద్దంటే వద్దనే. బతిమాలకండి, చేతిలో కుక్కకండి. లిబియాలో పశువుల్లా బంధించిన ఆ దొడ్లలో వాళ్ళను ఎవరు ఎన్ని బలవంతాలు పెట్టారో మనకు తెలీదు. ఇక్కడైనా వాళ్ళ 'వద్దు'కు విలువ ఉండాలి. అర్థమైందా?"

అర్థమైంది. మాట న్యాయంగానే ఉంది. కానీ పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ సాయంత్రం చెక్కపడవలోంచి మూడువందల మందికి పైగా ఎక్కించాక ఓడ మీద చూడాలి ఆ అవస్థ. ఒక ముసలాయన పాడీతో వద్దని తల ఊపాడు. పాడీ రెండడుగులు వేశాడు, ఆగాడు, వెనక్కి తిరిగాడు, లెఫ్టినెంట్ చూపు తగిలింది, మళ్ళీ ముందుకు తిరిగాడు. మొహం చూస్తే తన ఇంటికొచ్చిన చుట్టాన్ని తానే గెంటేసినట్టుంది.

"ఇంకొక్కసారి అడిగితే ఏం పోతుంది మేడమ్? ఒక్కసారి!"

"పాడీ, నడు."

మర్నాడు పొద్దున ఓడలో వైద్యం చూసే కీరన్ డూలీ వంటింట్లోకి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ జోకులేసేవాడు ఆరోజు వెయ్యలేదు.

"చివర్లో తెల్ల శాలువా కప్పుకున్న ఎరిత్రియా ఆవిడ లేదూ, అబ్రెహెత్ అని, ఎక్కినప్పటినుంచి మెతుకు ముట్టలేదు షెఫ్. నీళ్ళు గుక్కెడు తాగుతోంది. నాడి తేలిపోతోంది. మధ్యాహ్నానికి ఏదీ తినకపోతే హెలికాప్టర్ పిలవాలి. మాల్టా ఆస్పత్రికి తీసుకెళ్తారు."

"మంచిదేగా?"

"ఏం మంచిది? రోగినొక్కదాన్నే ఎక్కించుకుంటారు. కూతురు మనతో సిసిలీకి వస్తుంది. తల్లి ఒక దేశంలో, కూతురు ఇంకో దేశంలో. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ కలుస్తారో దేవుడికే తెలియాలి. ఆ సముద్రంలో ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు వదల్లేదట షెఫ్. ఇక్కడికొచ్చాక మనం విడదీస్తాం."

డినీ గరిటె పక్కన పడేశాడు. తడిగుడ్డ సర్దుకుని డెక్కు మీదికి నడిచాడు.

ఆవిడ తాళ్ళచుట్టను ఆనుకుని నిటారుగా కూర్చుంది. యాభై దాటి ఉంటుంది. పెదాలు ఎండిపోయాయి. కూతురు లువామ్‌కు ఇరవై ఉంటాయేమో, బళ్ళో నేర్చిన ఇంగ్లీషు ముక్కలున్నాయి. ఆ పిల్ల పళ్ళెం ఖాళీగా ఉంది.

"మీ అమ్మ ఎందుకు తినడం లేదు తల్లీ? ఒంట్లో బాగాలేదా? మొక్కేమన్నా ఉందా?"

లువామ్ సిగ్గుపడింది. "మొక్కు లేదు సార్. ఆకలి లేదంటోంది."

"నిజం చెప్పు."

పిల్ల తల్లివైపు దొంగచూపు చూసి గొంతు తగ్గించింది. "పాపం వీళ్ళ దగ్గర తిండి సరిపడా లేదు, మనం సర్దుకోవాలి అంటోంది. పసిపిల్లలున్నవాళ్ళు తిననీ అంటోంది. నేను తిన్నానని నన్ను తిట్టింది కూడా."

డినీకి తల కొట్టేసినట్టయింది. నేవీలో చేరిన నాటినుంచి అతన్ని ఎన్నో అన్నారు. మాడ్చావన్నారు, ఉడకలేదన్నారు, కుక్క కూడా ముట్టదన్నారు. తిండి తక్కువైందని మాత్రం ఏ నోరూ అనలేదు.

"తక్కువా? నా ఓడలో తిండి తక్కువా? ఎవరు చెప్పారమ్మా ఆవిడకి? కింద బియ్యం బస్తాల మీద పడుకుంటున్నాం!"

"ఎవరూ చెప్పలేదు సార్. నిన్న ఆ లావుపాటి సార్ భోజనం తెచ్చి ఒక్కసారి అడిగాడు. అమ్మ వద్దంది. ఆయన వెళ్ళిపోయాడు. మా దగ్గర అలా ఒక్కసారి అడిగి వెళ్ళిపోయారంటే..."

"అంటే?"

"పెట్టడానికి లేదని. పరువు కోసం అడిగారని. అలాంటప్పుడు సరేనంటే వాళ్ళను అవమానించినట్టు."

హాంబర్గ్ బీరువా తలుపు డినీ చెవిలో మళ్ళీ చప్పుడు చేసింది. వార్నాయనో! ఇన్నాళ్ళూ ఆ జర్మనావిడను తిట్టుకున్నానే, నిన్న ఈ ఓడ ఓడంతా ఆ జర్మనావిడ అయిపోయిందే! ఇక్కడ మా అమ్మ హన్నాలాంటి ఆవిడ కూర్చుని రెండో పిలుపు కోసం చూస్తుంటే, కోవ్ ఊరి కొడుకులు మొహం తిప్పుకుని పోయారే!

వంటింట్లోకి పరుగెత్తి పళ్ళెం నింపుకుని వచ్చాడు. దారిలో లెఫ్టినెంట్ ఎదురైంది.

"డినీ, ఆవిడను అడిగారు. వద్దంది."

"ఒక్కసారి అడిగారు మేడమ్. మీరు మన వైపు ఎవరింటికైనా వెళ్తే ఎన్నోసారికి టీ తాగుతారు?"

లెఫ్టినెంట్ కూడా కోవ్ చుట్టుపక్కల పిల్లే.

"మూడోసారికి," అంది. "కానీ బలవంతం చేస్తే ఊరుకోను. ఆవిడ మొహంలో కొంచెం భయం కనిపించినా నిన్ను అక్కణ్ణుంచి లేపేస్తాను."

"లేపండి. ముందు కూర్చోనివ్వండి."

డినీ అబ్రెహెత్ ఎదురుగా డెక్కు మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. పళ్ళెం ముందుకు జరిపాడు.

"తినండమ్మా."

ఆవిడ నవ్వి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. కూతురు చెప్పింది: "కడుపు నిండుగా ఉందట."

"అలా అంటే ఎలాగమ్మా? మీకోసమే తెచ్చాను. కింద ఇంకా బోలెడుంది. ఈ మూడువందల మందీ రేపు మళ్ళీ వచ్చినా మిగిలిపోతుంది."

"ఎందుకు నాయనా నీకు శ్రమ అంటోంది."

డినీకి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అదే మాట! అక్షరం తేడా లేదు! కళ్ళు మెరుస్తుండగా ఇంకాస్త దగ్గరికి జరిగాడు. చుట్టూ నావికులు చేరారు. పాడీ అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు.

"అమ్మా, మీరు తినకపోతే నాకు ఈ పూట ముద్ద దిగదు. కాస్త ఎంగిలిపడండి."

అబ్రెహెత్ అతన్ని తేరిపార చూసింది. తడిగుడ్డ, ఎర్రతల, చెమట, అన్నీ చూసింది. చూసి ఏదో అడిగింది.

"నువ్వు తిన్నావా అంటోంది," అంది లువామ్.

"ఓ! తిన్నాను," అన్నాడు డినీ.

"అబద్ధం!" అన్నాడు పాడీ. "తను వండింది తను ముట్టడమ్మా వీడు. ఇన్నేళ్ళలో ఒక్క మెతుకు తిన్న పాపాన పోలేదు."

ఎప్పుడైనా నోరు మూసుకుంటాడా వీడు? లువామ్ ఆ మాట కూడా పొల్లుపోకుండా తల్లికి చేరేసింది. ఆవిడ మొహం మారింది. పస్తున్న బిడ్డను చూసిన తల్లి మొహమైంది. నీళ్ళు పొయ్యమని సైగ చేసింది. చెయ్యి కడుక్కుంది. ప్లాస్టిక్ చెంచా పక్కన పెట్టి, అన్నం, గింజలు కలిపి, ముద్ద చేసి డినీ నోటి ముందు పెట్టింది.

"వద్దమ్మా, నేను... అబ్బే, వద్దు," అన్నాడు డినీ వెనక్కి వాలి.

ముద్ద కదల్లేదు. ఆవిడ ఏదో గట్టిగా అంది.

"నా మీద ఒట్టు అంటోంది సార్. తినకపోతే తను చచ్చినంత ఒట్టు."

"ఎందుకమ్మా మీకు శ్రమ..."

"షెఫ్," అన్నాడు కీరన్ పళ్ళ బిగువున, "నోరు తెరువు."

డినీ నోరు తెరిచాడు. నమిలాడు. ఓడంతా అతని దవడలే చూస్తోంది. నమలడం మెల్లగా ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒరేయ్, ఇందులో ఉప్పేదిరా?"

"అదే కదా ఇన్నేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాం!" అని డెక్కంతా ఒక్కసారి అరిచింది. లెఫ్టినెంట్ కూడా అరిచింది, పాపం, తెలియకుండానే.

అబ్రెహెత్ నవ్వింది. ఇంకో ముద్ద పెట్టింది, ఇంకోటి పెట్టింది. మూడోది మింగాక డినీ వేళ్ళు కడుక్కుని, చేతకాని చేత్తో అన్నం పోగుచేసి, సగం శాలువా మీద పోసి, మిగతా సగం ఆవిడ నోటికి అందించాడు. ఆవిడ తింది. తరవాత తనంతట తాను తింది. పాడీ పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చాడు. కీరన్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. హెలికాప్టర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం లెఫ్టినెంట్ నియమాన్ని మార్చింది. వద్దంటే వద్దనేనట, కానీ మూడో వద్దు నుంచి లెక్కట. టీ బకెట్లు పట్టుకుని నావికులు పెళ్ళివారిలా తిరిగారు.

మర్నాడు సిసిలీ రేవులో దిగేటప్పుడు తల్లీకూతుళ్ళు చేయీ చేయీ పట్టుకుని వరసలో వచ్చారు. మెట్ల దగ్గర అబ్రెహెత్ ఆగి డినీతో ఏదో చెప్పింది.

"మా ఇంటికి కాఫీకి రమ్మంటోంది సార్," అంది లువామ్.

ఏ ఇల్లు? వాళ్ళ ఒంటి మీద ఉన్నవి నేవీ ఇచ్చిన బట్టలు. రాత్రికి ఎక్కడ పడుకోబెడతారో వాళ్ళకూ తెలీదు, పడుకోబెట్టేవాళ్ళకూ తెలీదు. డినీకీ అది తెలుసు. అయినా మర్యాద మర్యాదే.

"అయ్యో, వద్దమ్మా," అన్నాడు.

"తప్పకుండా రావాలంటోంది."

"ఎందుకమ్మా మీకు శ్రమ," అన్నాడు.

అంతలో కింద పోలీసు "కదలండి, కదలండి" అని చెయ్యి ఊపాడు. వరస ముందుకు తోసుకుపోయింది. తల్లీకూతుళ్ళు మెట్లు దిగిపోయారు. రెండుసార్లే అయింది! డినీ ఓడ అంచు కమ్మీ వెంబడి గుంపులో తెల్ల శాలువా కోసం వెతుకుతూ పరుగెత్తాడు. అడ్డొచ్చిన పాడీని తోసేశాడు. ఛీ ఛీ, మొదటిసారికే సరేనంటే ఏం పోయిందిరా నీ సొమ్ము!

కానీ రేవు మీద శాలువా ఆగిపోయి ఉంది. అబ్రెహెత్ వెనక్కి తిరిగి నిలబడింది. వెనక మనుషులు ఆగారు, పోలీసు కేకలేస్తున్నాడు, ఆవిడకు చీమ కుట్టినట్టు లేదు. పైకి చూసి, చెయ్యెత్తి, మూడోసారి పిలిచింది. లువామ్ తర్జుమా చెయ్యబోతోంది.

"వస్తానమ్మా! తప్పకుండా వస్తాను!" అని అరిచాడు డినీ, ఓడంతా అదిరేలా.

ఆవిడ తల ఊపి, కూతురి చెవిలో ఏదో అంది. లువామ్ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేకేసింది.

"చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటారని అడుగుతోంది సార్!"

"మూడు!" అన్నాడు డినీ, కళ్ళు తుడుచుకుంటూ.